ఆకర్‌డేల్‌లో బాంబుకి బారసాల

ఆకర్‌డేల్, యార్క్‌షైర్
9 ఫిబ్రవరి 1967

హోరస్‌కి,

నీ క్షేమం అడగను. పేపర్లో ఫొటో చూశాను, బాగానే ఒళ్ళు చేశావు.

సోమవారం మా వాచ్ కమిటీ కూర్చుంది. ఊళ్ళో ఏ సినిమా ఆడాలో, ఏది ఆడకూడదో తేల్చేది మేం ఐదుగురమే. లండన్‌లో సెన్సారు వాళ్ళు సరేనన్నా మేం వద్దంటే వద్దే. 'బాంబుకి బారసాల' అనే సినిమాని ఆకర్‌డేల్‌లో ఆడనివ్వకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాం. ప్రతిపాదించింది చైర్మన్ క్రాబ్‌ట్రీ, బలపరిచింది నేను.

ఆ మర్నాడు పేపరు తిప్పితే, బిషప్ టోపీ పెట్టుకుని ఇనప పీపా లాంటి బాంబు మీద నీళ్ళు చల్లుతున్న మనిషి కనబడ్డాడు. కింద 'హ్యూబర్ట్ లేన్' అని వేశారు. పేరు మార్చుకుంటే ముక్కు మారుతుందా? అది మన హార్‌గ్రీవ్‌ల ముక్కు. క్రిస్మస్‌కి ఏమని రాశావు నాకు? "భక్తి సినిమాలో మంచి వేషం దొరికిందక్కా" అని. సిగ్గు లేకపోతే సరి.

ఆ మనిషి నా తమ్ముడని ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియనివ్వను కూడా. వేరే ఊళ్ళలో చూసినవాళ్ళు కౌన్సిల్‌కి రాసిన ఉత్తరాల్లోంచి రెండు నీ కోసం ఎత్తి రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

హారోగేట్ నుంచి ఒక రిటైర్డ్ మేజర్: "ప్రధానమంత్రి బాంబుని ఒళ్ళో పెట్టుకుని పాలసీసా పడతాడు. అడ్మిరల్ జోలపాట పాడతాడు. బిషప్ దానికి పేరు పెడతాడు. నేను రెండు యుద్ధాలు చేసింది ఇందుకా? ముప్పావుగంటలో లేచి వచ్చేశాను. మిగతాది ఇంకా ఘోరంగా ఉంటుందని హామీ ఇస్తున్నాను."

లీడ్స్ నుంచి ఒక టీచరమ్మ: "మా ఆయన పగలబడి నవ్వాడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, ఆయన ఇలాంటి మనిషని నాకు తెలియదు."

ఎనిడ్ సగ్డెన్


కిల్‌బర్న్, లండన్
13 ఫిబ్రవరి

అక్కకి,

ఉత్తరం చేరింది, తిట్లు కూడా భద్రంగా చేరాయి. నాకూ ఇక్కడ బొత్తులు బొత్తులుగా వస్తున్నాయి. ఉత్తపుణ్యానికి తీసుకోవడం ఎందుకని బదులు ఒకటి పంపుతున్నా. డోర్సెట్ నుంచి ఒకావిడ: "మీరు నిజం బిషప్ కాకపోవడం మీ అదృష్టం. అయ్యుంటే నరకంలో మీకు ప్రత్యేకంగా గది కట్టించేవారు. ఫొటో మీద సంతకం చేసి పంపగలరు."

అసలు సంగతికి వద్దాం. మీ ఐదుగురిలో సినిమా ఎవరు చూశారు? ఒక్కరూ లేరు కదూ! చూడకుండా తీర్పు చెప్పడం ఆకర్‌డేల్‌కి కొత్తేమీ కాదులే. 1931 క్రిస్మస్ నాటకంలో, ఇద్దరం దూరి ఆడే గుడ్డ గుర్రానికి నేను వెనక కాళ్ళు. గుడ్డ చిరిగి, నిక్కరుతో అందరి ముందూ బయటపడ్డాను. ఆ రోజు నుంచి ఆ ఊరికి నేను 'వెనక్కాళ్ళ హోరస్'ని. పోస్టాఫీసులో, మిల్లులో, నాన్న అంత్యక్రియల్లో చాపెల్ వెనక బెంచీ మీద కూడా. పక్కవాడు మోచేత్తో పొడిచి ఆ మాటే అన్నాడు.

ముప్పై మూడేళ్ళుగా అక్కడొక బట్లరు వేషం, ఇక్కడొక పోలీసు వేషం, అలా బతికాను. ఇప్పటికి, యాభై రెండేళ్ళకి, నా మొహం చూస్తే హాలు నవ్వే వేషం దొరికింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, నేను రచ్చ గెలిచాను. ఇల్లే మిగిలింది. ఆ ఊరు బతుకంతా నన్ను చూసి నవ్వింది. నేను నవ్వమన్నప్పుడు నవ్వితే ఒక్కసారి చూడాలని ఉంది. నాకు కావలసింది అంతే.

మీ ఊరి ఎంపరర్ సినిమా హాలు ఓనరు డకెట్ మళ్ళీ అర్జీ పెట్టాడట. మార్చి ఇరవైన మళ్ళీ ఓటు. నీ చెయ్యి ఎటు లేస్తుందో చూస్తాను.

హోరస్


ఆకర్‌డేల్
27 ఫిబ్రవరి

హోరస్‌కి,

మురిక్కాలవ మురిక్కాలవని తెలుసుకోవడానికి దిగి ఈదక్కర్లేదు. నా చెయ్యి పోయినసారి లేచినవైపే లేస్తుంది.

నీ గుర్రం కథ చదివి నాకు జాలి వేయలేదు. ఈ ఊళ్ళో అందరికీ ఒక వెక్కిరింపు పేరుంది. నన్ను ఇప్పటికీ 'గజం బద్ద' అంటారు. బట్టల కొట్టు నడిపాను కాబట్టి పడ్డాను, కొట్టు మూసేసి లండన్ పారిపోలేదు.

బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఈ ఉత్తరం నీకు పంపకుండా ఉండలేకపోయాను: "దేవుణ్ణి వెక్కిరిస్తే దేవుడు చూసుకుంటాడు. నా ఫిర్యాదు వేరు. బిషప్ వేషం వేసిన లావుపాటాయనకి నటన రాదు. ఏదో మా ఊరి ముసలాయన్ని పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంది."

ఇది చదివితే నీకు మిగతా అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంటుందని తెలిసే పంపుతున్నాను.

ఎనిడ్


కిల్‌బర్న్
3 మార్చి

కౌన్సిలర్ శ్రీమతి సగ్డెన్ గారికి,

గుచ్చుకుంది. సంతోషమా?

మార్చి ఇరవైన మీ మీటింగులో జనం కూర్చునే బెంచీల మీద ఒక బిషప్ కూర్చుంటాడు. టోపీ, అంగరఖా అన్నీ కంపెనీ వాళ్ళే ఇస్తామన్నారు. చైర్మన్ గారు "తమరెవరు?" అంటే, "ఎనిడ్ గారి తమ్ముణ్ణండీ, వెనక్కాళ్ళ హోరస్‌ని" అని మనవి చేసుకుంటాను.

లేదా మీరు ఒక పని చేయవచ్చు. పదకొండో తారీకు శనివారం మధ్యాహ్నం థోర్న్‌లీలో ఆట ఉంది. మీ ఊరికి తొమ్మిది మైళ్ళు. టిక్కెట్టు కొనుక్కుని చూడండి. చూశాక తిడితే, ఏమీ అనకుండా పడతాను.

భవదీయుడు,
హ్యూబర్ట్ లేన్


ఆకర్‌డేల్
12 మార్చి

హోరస్,

వెళ్ళాను. నీ బెదిరింపుకి కాదు. చూడకుండా తిట్టానని నువ్వు ఇంకో ముప్పై ఏళ్ళు దెప్పకుండా ఉండాలని వెళ్ళాను.

అయిపోయాక జరిగింది ముందు చెప్తాను. సినిమా అవగానే జాతీయగీతం వేశారు. తెర మీద పేర్లు పడుతుండగానే కుర్రకారు తలుపుల వైపు పరుగెత్తారు. మా వయసువాళ్ళం, అందులోనూ కౌన్సిల్లో ఉన్నవాళ్ళం, రాణి గారి పాట మొదలయ్యాక కదలగలమా? లేచి నిలబడ్డాను. దీపాలు వెలిగాయి. మూడు వరసల ముందు ఒక మెడ. ఆ మెడ మీది ముడతలు నాకు కంఠతా వచ్చు. మీటింగుల్లో పదకొండేళ్ళుగా దాని వెనకే కూర్చుంటున్నాను. క్రాబ్‌ట్రీ! అటు చివర తలకి స్కార్ఫ్ కట్టి, నల్లద్దాలు పెట్టుకుని మిస్ పికర్స్‌గిల్. నలభై ఏళ్ళు పిల్లలకి నీతి పాఠాలు చెప్పిన హెడ్‌మిస్ట్రెస్. స్తంభం పక్కన డాక్టర్ మౌన్సీ. చూడకుండా నిషేధించిన ఐదుగురిలో నలుగురం, పాట అయ్యేదాకా తేలు కుట్టిన దొంగల్లా నిటారుగా నిలబడ్డాం. పాట అవగానే నలుగురం నాలుగు తలుపుల్లోంచి బయటపడ్డాం. ఆకర్‌డేల్ బస్సు మాత్రం గంటకి ఒకటే. తొమ్మిది మైళ్ళూ నలుగురం వాన గురించి మాట్లాడుకున్నాం.

ఇక నీ సినిమా. ప్రధానమంత్రిని వెక్కిరించావు, పోనీ. అడ్మిరల్‌ని వెక్కిరించావు, పోనీ. ఇంగ్లండ్ చర్చి బిషప్పుని వెక్కిరిస్తే బిషప్పులే లేని మన చాపెల్ వాళ్ళకి లోపల ఖుషీగానే ఉంటుంది, దాచడం దేనికి? కానీ హోరస్, అది బిషప్ కాదు. ఎడమ కన్ను సగం మూసి, వాస్కట్ కిందికి లాక్కుని, గొంతు సవరించి, "ప్రభూ, ఇది నీకు తెలియంది కాదు, అయినా మళ్ళీ చెబుతున్నాను" అని మొదలుపెట్టింది మన నాన్న. మగ్గం పాడైతే మేస్త్రీతో మాట్లాడినట్టు నాన్న దేవుడితో మాట్లాడేవాడు. ఆదివారాలు చాపెల్‌లో ఆయన ప్రార్థన చేస్తే ఊరంతా ఆ గొంతుకి నలభై ఏళ్ళు తల వంచింది. ఆ గొంతుతో నువ్వు, "ఈ బిడ్డ పడిన చోట గడ్డి కూడా మొలవకుండా దీవించు" అన్నావు. థోర్న్‌లీ హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది.

నాన్న పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన్ని బజార్లో పెట్టి అమ్ముకున్నావు. నాకు నువ్వంటే అసహ్యం వేసింది. ఇంతకు ముందు కోపమే ఉండేది.

ఎనిడ్


కిల్‌బర్న్
15 మార్చి

అక్కా,

పడతానన్నాను కాబట్టి పడుతున్నాను. కానీ ఒక మాట.

నాన్న దేవుడితో రోజుకి మూడుసార్లు మాట్లాడేవాడు. నాతో, నేను నాటకాల్లోకి వెళ్ళిన రోజు నుంచి ఆయన పోయిన రోజు వరకూ, పదిహేనేళ్ళు ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగి వచ్చేవి. ఆ గొంతు నా వాటాకి వచ్చిన ఏకైక ఆస్తి. అమ్ముకుంటే అమ్ముకున్నాను.

క్రాబ్‌ట్రీ మెడ మీద ముడతలు కూడా రాశావు. నువ్వు నవ్వావో లేదో మాత్రం రాయలేదు.

మీటింగుకి రాను. బిషప్ బట్టలు తిరిగి ఇచ్చేశాను. నీ ఇష్టం వచ్చినట్టు ఓటెయ్యి.

హోరస్


ఆకర్‌డేల్
21 మార్చి

హోరస్,

నవ్వాను. ఒకసారి. ఎక్కడో చెప్పను.

నిన్న మీటింగులో క్రాబ్‌ట్రీ లేచి, "ఇలాంటి చెత్త చూసే దౌర్భాగ్యం మనలో ఎవరికీ పట్టలేదని నా నమ్మకం" అన్నాడు. ఆ మాట అంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. డాక్టర్ మౌన్సీ పైపు దులుపుకున్నాడు. మిస్ పికర్స్‌గిల్ చేతిసంచీలో ఏదో వెతుక్కుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అందరం కూర్చున్నాం. ఎందుకో నాకు ఒళ్ళు మండిపోయింది.

లేచాను. "నేను చూశాను. థోర్న్‌లీలో, ఈ నెల పదకొండున. బిషప్ వేషం వేసింది నా తమ్ముడు హోరస్. వాడు చూపించింది మా నాన్న ఎమస్ హార్‌గ్రీవ్‌ని. అది మోటుగా ఉంది, క్రూరంగా ఉంది, నాకు నచ్చలేదు. కానీ మా నాన్న మిల్లులో ఏ నూలునీ వేళ్ళతో పట్టి చూడకుండా పనికిరాదని పక్కన పడెయ్యలేదు. పోయిన నెల మనం చేసింది తప్పు" అన్నాను.

అప్పుడు మిస్ పికర్స్‌గిల్ లేచి, "నేనూ చూశాను. మొదటి అరగంట మరీ చీకటిగా ఉంది" అంది. అరగంట అయ్యాక గానీ నల్లద్దాలు తియ్యడం గుర్తు రాలేదు కాబోలు. డాక్టర్ చెయ్యెత్తాడు. ముగ్గురికి ఇద్దరు. నిషేధం పోయింది.

క్రాబ్‌ట్రీ నాతో మాట్లాడడం మానేశాడు. ఆయన కొట్లో మాంసం కొనడం నేనూ మానేశాను. వచ్చే ఎన్నికల్లో నా సీటు ఉంటుందని అనుకోను. ఇదంతా నీ కోసం చేశానని మురిసిపోకు.

ఏప్రిల్ పదో తారీకు, సోమవారం, ఎంపరర్‌లో మొదటి ఆట.

ఎనిడ్


ఈస్ట్‌బోర్న్
4 ఏప్రిల్

అక్కా,

ఇక్కడ నాటక కంపెనీలో పోలీసు వేషం, రోజూ రెండు ఆటలు. రాలేను. వచ్చినా వెనక వరసలో దాక్కునేవాణ్ణి.

నిషేధం తీయించావు, సరే. అది నాన్న అని నలుగురిలో చాటమని ఎవరన్నారు నిన్ను? తెలియకుండా కూర్చుంటే హాయిగా నవ్వేవాళ్ళు. నీ నిజాయితీ ఎప్పుడూ ఇంతే అక్కా, దారిన పోయేవాడి కాళ్ళకి అడ్డం పడుతుంది. చెడగొట్టి ఉంటే మాత్రం నిన్ను ఈ జన్మకి క్షమించను.

ఎక్కడెక్కడ నవ్వారో రాయి. గట్టిగానా, మెల్లిగానా, ముందు ఎవరు మొదలుపెట్టారు, అన్నీ రాయి. తిట్లు కూడా ఏమీ దాచకు.

హోరస్


ఆకర్‌డేల్
12 ఏప్రిల్

హోరస్,

దాచకుండా రాస్తున్నాను. కూర్చుని చదువు.

హాలు నిండింది. నాలుగు వందల మంది. సగం మంది చాపెల్‌కి వచ్చే బట్టల్లో వచ్చారు. డకెట్ గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. మొదటి అరగంట నవ్వారు. పాలసీసా దగ్గర నవ్వారు, అడ్మిరల్ జోలపాటకి ఈలలు వేశారు. నువ్వు వినాలనుకున్న నవ్వే అది. నాకు నీ గురించి భయం వేసింది, సంతోషం కూడా వేసింది. రెండూ చెప్తున్నాను.

తర్వాత నువ్వు వచ్చావు. ఎడమ కన్ను సగం మూశావు. వాస్కట్ లాక్కున్నావు. నా వెనక ఎవరో "ఎమస్" అన్నారు, మెల్లిగా, వీధిలో ఎదురైతే పలకరించినట్టు. "ప్రభూ, ఇది నీకు తెలియంది కాదు" అన్నావు. థోర్న్‌లీలో పైకప్పు ఎగిరింది ఈ ప్రార్థనకే. ఇక్కడ తలలు వంగాయి, హోరస్. ముందు ముసలివాళ్ళవి, తర్వాత అందరివీ. డకెట్ కూడా గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నువ్వు ఆ బాంబు పడిన చోట గడ్డి మొలవకూడదని, పక్షి వాలకూడదని వేడుకుంటున్నావు. నీ గొంతు ఆగగానే నాలుగు వందల మంది ఒక్క గొంతుతో "ఆమేన్" అన్నారు. నేనూ అన్నాను.

ఆ తర్వాతే, ఏం దీవించామో తెలిసింది. ఎవరూ నవ్వలేదు. చివరిదాకా ఎవరూ నవ్వలేదు. జాతీయగీతానికి లేచి నిలబడ్డారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బయట తిట్లు మొదలయ్యాయి. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నా. రంగుల మిల్లు జెత్రో: "మమ్మల్ని మోసం చేశాడమ్మా మీ తమ్ముడు. మా నోటితో అనిపించాడు." క్రాబ్‌ట్రీ, నాతో కాదు, గాలితో: "నేను ముందే చెప్పానా లేదా?" మిస్ పికర్స్‌గిల్: "మీ వాడికి స్కూల్లో నేనింకో నాలుగు తగిలించాల్సింది." డకెట్ మంగళవారం ఆట రద్దు చేసుకున్నాడు. ఇప్పుడు నిషేధం అక్కర్లేదు, ఎవరూ రారు.

చివరికి ఇబట్సన్ గారి భార్య నా దగ్గరికి వచ్చింది. చేతికర్ర ఊతంతో వీధి దాటి మరీ వచ్చింది. ఆవిడ మాట ఆవిడ మాటగానే రాస్తున్నాను: "ఎనిడమ్మా, పంతొమ్మిది వందల నలభైలో మా అబ్బాయి ఆల్బర్ట్ పటాలంలోకి బయల్దేరిన ఆదివారం మీ నాన్న ఈ గొంతుతోనే ప్రార్థన చేశాడు. వాళ్ళ మీద పడి దుమ్ము చేసే బలం మా పిల్లలకియ్యి ప్రభూ అన్నాడు. అప్పుడూ నేను ఆమేన్ అన్నాను. వాడు తిరిగి రాలేదు. ఆ ముక్క నేను ఇన్నేళ్ళూ గుర్తు చేసుకోలేదమ్మా. మీ తమ్ముడితో చెప్పు, నాకు నవ్వు రాలేదని."

నేను చెడగొట్టానో, నువ్వే చెడగొట్టావో నాకు తెలియడం లేదు. నువ్వడిగిన నవ్వు మాత్రం ఇక్కడ దొరకలేదు.

ఎనిడ్


ఈస్ట్‌బోర్న్
20 ఏప్రిల్

అక్కా,

నీకు మూడు జవాబులు రాసి చింపేశాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను, రెండోదాంట్లో ఊరిని తిట్టాను. మూడోదాంట్లో నాన్నని తిట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను.

ఆ ప్రార్థన స్క్రిప్టులో లేదు. ఎవరికీ చెప్పలేదు ఈ సంగతి. డైరెక్టరు, "ఇక్కడ అర నిమిషం ఏదో ఒకటి వాగు" అన్నాడు. నోరు తెరిస్తే అదే వచ్చింది, ముందూ వెనకా తడుముకోకుండా. స్టూడియోలో దీపాలు పట్టుకున్నవాళ్ళు కూడా కడుపులు పట్టుకుని నవ్వారు. నాన్న మీద పగ తీరిందనుకున్నాను. ఇంట్లో ఆయన ప్రార్థన చేస్తుంటే తల వంచకుండా కళ్ళు తెరుచుకుని కూర్చునేది నేనొక్కణ్ణే, నీకు తెలుసు. అందుకే ఆయన మొహంలో ప్రతి కదలికా నాకు వచ్చు. కళ్ళు తెరిచి చూశాను గానీ, ఆయన ఏమంటున్నాడో నేనూ వినలేదు. ఇబట్సన్ గారి భార్య వింది.

నువ్వు చెడగొట్టలేదు. ఈ మాట రాయడానికి ఎనిమిది రోజులు పట్టింది, ఇంకోసారి అడగకు.

నా దగ్గర మూడు వందల పైచిలుకు అభిప్రాయాలున్నాయి. ఉరి తియ్యమన్నవి, సంతకం అడిగినవి, అన్నీ పెట్టెలో పడేశాను. ఆవిడది ఒక్కటే జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. నిన్న పోలీసు వేషంలో స్టేజీ మీదికి వెళ్ళి, చెప్పాల్సిన ముక్క మర్చిపోయి నిలబడ్డాను. జనం అదే హాస్యమనుకుని నవ్వారు.

ఈ ఆదివారం సెలవు పెట్టాను. ఆకర్‌డేల్ వస్తున్నాను. తిట్టదలుచుకున్నవాళ్ళని ఆపకు, తలుపు తీసే ఉంచు. ఆవిడతో ఏం మాట్లాడాలో తెలియదు. నాన్న గొంతుతో మాత్రం మాట్లాడను.

స్టేషనుకి రావద్దు. నేరుగా ఆవిడ ఇంటికే వెళ్తాను.

హోరస్